కమిట్ హక్కు అడిగితే ఇచ్చేది కాదు

మా రోజుల్లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో నన్ను మెయింటెయినర్‌ను చెయ్యండి అని ఎవరూ నోరు తెరిచి అడిగేవాళ్లు కాదు. అడిగినవాడిని కాస్త అనుమానంగా కూడా చూసేవాళ్లం. మనిషి పని చేస్తూ పోయేవాడు. ఏడాది గడిచేది, రెండేళ్లు గడిచేవి. ఒకనాడు లోపలున్న నలుగురూ తమలో తాము మాట్లాడుకుని, "నీ ప్యాచ్‌లు మేం ఎక్కించడమెందుకయ్యా, ఇక నువ్వే ఎక్కించుకో, మిగతావాళ్లవీ చూడు" అని కబురు పెట్టేవాళ్లు. ఆ కబురు అందిన రాత్రి నిద్ర పట్టేది కాదు. రేపటినుంచి తప్పు పోతే మనమీదే కదా అన్న భయం.

ఇప్పటి సంగతి చూడండి. దసరా సెలవులకు మా ఏడూళ్ల బయ్యారం వచ్చిన బీటెక్ కుర్రాడొకడు, నాకు మనవడి వరస, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తాతయ్యా, ఆ తెలుగు ప్రాజెక్టులో వాళ్లంతా నీకు తెలుసంట కదా. నన్ను మెయింటెయినర్‌గా పెట్టించరాదూ? ప్లేస్‌మెంట్లు దగ్గరికొచ్చినయి, రెజ్యూమెలో రాసుకుంటా."

"ఎన్ని ప్యాచ్‌లు పంపినవురా?"

"నాలుగైదు పంపిన. రెండు మెర్జ్ అయినయి."

"వేరేవాళ్లవి ఎన్ని చదివినవు?"

వాడు నావంక వింతగా చూశాడు. "వేరేవాళ్లవి నేనెందుకు చదవాలె?"

ఆ ప్రశ్న విన్నాక నాకు రెండు రోజులు మనసు కుదుట పడలేదు. వాడు తెలివైనవాడే, కష్టపడేవాడే. వాడికి ఈ పని గురించి నేర్పినవాళ్లలో ఒక్కరైనా అసలు సంగతి చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ గొడవ తెలియనివాళ్లకు నాలుగు మాటలు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరి ముందూ పరిచి ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, మార్పు రాసి పంపొచ్చు, అదే ప్యాచ్. పంపినంత మాత్రాన అది లోపలికి పోదు. దాన్ని వరుస వరుసా చదివి ఇది పనికొస్తుంది, ఇది రాదు అని చెప్పేవాళ్లు రివ్యూయర్లు. చివరికి అసలు కోడ్‌లో కలిపే అధికారం ఉన్న కొద్దిమంది మెయింటెయినర్లు. ఆ అధికారాన్నే కమిట్ హక్కు అంటాం. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని అడుగున నడిచే లినక్స్ కెర్నల్‌లో ప్రతి వరుసా ఎవరో ఒకరు చదివి సరే అన్నందుకే అక్కడుంది. బ్యాంకు సర్వర్లు, రైలు టికెట్ల సర్వర్లు, ఆసుపత్రుల కంప్యూటర్లు, వీటిలో చాలావాటి అడుగున ఇలాంటి కోడే. కాబట్టి ఎవరిని రివ్యూయర్‌గా పెట్టాలి, ఎవరిని మెయింటెయినర్ చెయ్యాలి అన్నది కంప్యూటర్ వాళ్ల ఇంటి గొడవ కాదు.

నాకు ఈ పని విలువ తెలిసింది మా నాన్న వల్ల. ఆయన సింగరేణిలో సర్దార్, కొత్తగూడెం బొగ్గు బాయిల్లో చేశాడు. షిఫ్టు జనం దిగకముందే ఆయన దిగేవాడు. సేఫ్టీ ల్యాంప్‌తో గ్యాస్ ఉందేమో చూసేవాడు. పైకప్పును కర్రతో తట్టి ఆ చప్పుడు వినేవాడు. గాలి ఆడుతోందో లేదో చూసి, రిజిస్టరులో రాసి, కింద సంతకం పెట్టేవాడు. ఆయన వద్దంటే ఆ చోటికి ఎవరూ పోకూడదు, పైవాళ్లు ఉత్పత్తి ఉత్పత్తి అని ఎంత అరిచినా సరే. ఆ సంతకం పెట్టే మనిషిని ఎట్లా ఎంచుకునేవాళ్లనుకున్నారు? బాయిలో ఏళ్లు గడపాలి. ఆపైన గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ పెట్టే పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. గ్యాస్ చూడడానికి ఒక సర్టిఫికెట్, ప్రథమ చికిత్సకు ఇంకొకటి. ఎక్కువ బొగ్గు తవ్వినవాడిని సర్దార్ చేసే పద్ధతి ఏ బాయిలోనూ లేదు. తవ్వడానికి బలం కావాలి. చూడడానికి ఓపిక కావాలి, మీదవాడికి ఎదురు చెప్పే ధైర్యం కావాలి. మా నాన్న తోటివాళ్లలో ఆయనకంటే గట్టిగా తవ్వేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. వాళ్లే ఆయన చూశాడంటేనే దిగేవాళ్లు.

నేను చదువుకుని హైదరాబాదు చేరాను, కంప్యూటర్ ఉద్యోగంలో పడ్డాను. తెలుగును కంప్యూటర్లోకి తెచ్చే పని అప్పుడు ఎక్కడివాళ్లు అక్కడ మొదలుపెట్టి చేస్తున్నారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు 1990ల తొలినాళ్లలోనే ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి తయారు చేసి పెట్టారు. వెన్న నాగార్జున పద్మ అనే పరికరం రాశాడు. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలుపెట్టినవాడూ ఆయనే. తర్వాత వీవెన్ తెలుగు టైపు చేసుకునే లేఖిని పెట్టాడు, ఫైర్‌ఫాక్స్ లాంటి వాటిని తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి కూర్చున్నాడు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ పిల్లలు డెబియన్ అనే లినక్స్ పునాదిగా తెలుగు ఆపరేటింగ్ సిస్టం కట్టారు. వీళ్లెవరికీ ఆ పనికి జీతం లేదు. పగలు ఉద్యోగం, రాత్రి ఇది. నేనూ ఆ గుంపుల్లో ఒకదానిలో చేరి అనువాదాలు చదివే పనిలో పడ్డాను. పండక్కి ఊరొచ్చినప్పుడు ఇక్కడ నెట్ ఉండేది కాదు. ఫైళ్లు పట్టుకొచ్చి చదివి, దిద్దుబాట్లు కాగితం మీద రాసుకుని, మణుగూరులో రైలెక్కి సికింద్రాబాదులో దిగాక పంపేవాడిని.

అనువాదం చదవడమంటే అక్షరదోషాలు చూడడమే అనుకుంటారు. కాదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. ఫలానా ఫైల్‌ను ఫలానా ఫోల్డర్‌లోకి కాపీ చేస్తున్నాం అని ప్రోగ్రాం చెప్పే వాక్యం ఉందనుకోండి. ఫైల్ పేరు వచ్చేచోట, ఫోల్డర్ పేరు వచ్చేచోట పర్సెంట్ గుర్తు, ఎస్ అక్షరం కలిపి ఖాళీ వదులుతారు. ఇంగ్లిషులో ఫైల్ ముందు, ఫోల్డర్ వెనక. తెలుగులో చాలామంది ఫోల్డర్‌ను ముందుకు తెస్తారు, చెవికి అదే బాగుంటుంది. అయితే ఖాళీలకు వరుస అంకెలు వెయ్యకుండా మాటలు మాత్రం అటూ ఇటూ మారిస్తే, తెరమీద ఫైల్ ఉండాల్సిన చోట ఫోల్డర్ పేరు పడుతుంది. అంకె రావాల్సిన చోట మాట పెడితే అప్పుడు చెకింగ్ కమాండ్ పట్టుకుని అరుస్తుంది. కానీ రెండూ మాటలే అయినప్పుడు, రెండూ తారుమారైనప్పుడు, ఏ కమాండూ పట్టుకోదు. తెలుగు చదవడం వచ్చి, ప్రోగ్రాం నడక తెలిసి, ఓపికగా కూర్చున్న మనిషే పట్టుకోవాలి. ఆ వాక్యాన్ని నమ్మి ఎవరో ఒక గుమస్తా ఫైల్ చెరిపేస్తాడు. అంత పని ఉంటుంది ఆ ఒక్క వరుసలో.

మా గుంపులో ఒకాయన ఉండేవాడు. స్వయంగా చేసిన అనువాదాలు తక్కువ. కానీ ఎవరు ఏది పంపినా మర్నాటికల్లా చదివేవాడు. ఎక్కడ తప్పో చెప్పేవాడు, ఎందుకు తప్పో చెప్పేవాడు, ఎట్లా దిద్దాలో దారి చూపేవాడు. తనకు తెలియని సంగతి వస్తే నాకు తెలియదు, ఫలానావాళ్లను అడుగుదాం అని రాసేవాడు. కొత్తగా వచ్చినవాడి తప్పును కూడా వాడు చిన్నబుచ్చుకోకుండా చెప్పడం ఆయనకు తెలుసు. ఇంకొకాయన వేలకొద్దీ వాక్యాలు చేసేవాడు, నిద్రాహారాలు మాని చేసేవాడు. ఎవరైనా ఒక తప్పు చూపిస్తే మాత్రం అలిగి మాట్లాడడం మానేసేవాడు. హక్కు ఎవరికివ్వాలి అన్న మాట వచ్చినప్పుడు మేం పెద్దగా వాదించుకోలేదు. మొదటాయనకిచ్చాం. రెండో ఆయన బాధపడ్డాడు, నిజమే. ఆయన పని మీద మాకు గౌరవం తగ్గలేదు. కానీ కాదన్న మాట వినలేని మనిషి చేతిలో ఇంకొకరి పనిని కాదనే అధికారం పెట్టలేం.

గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ అనువాదాల పద్ధతిలో ఈ మెట్లన్నీ విడివిడిగానే ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. అనువదించేవాడు ఒకడు, చదివి సరిచూసేవాడు ఒకడు, లోపల కలిపేవాడు ఒకడు, అందరినీ కలుపుకుపోయే సమన్వయకర్త ఒకడు. లినక్స్‌లోనూ అంతే. 2004 నుంచీ ప్రతి మార్పు కింద సైన్డ్ ఆఫ్ బై అని రాసినవాడి సంతకం ఉండాలి. చదివినవాడు రివ్యూడ్ బై అని తన పేరు వేరే వరుసలో పెడతాడు. ఆ పేరు పెట్టాడంటే నేను చదివాను, నాకు అనుమానాలు లేవు అని లోకం ముందు ఒప్పుకున్నట్టే. మా నాన్న రిజిస్టరులో పెట్టిన సంతకమే అది.

డెబియన్ వాళ్లది ఇంకా గట్టి పద్ధతి. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. అందులో డెవలపర్ కావాలంటే నీ డిజిటల్ సంతకాన్ని ఇప్పటికే ఉన్న డెవలపర్ ఒకరు నిన్ను ఎదురుగా చూసి, నీ గుర్తింపు కార్డు చూసి, ఈ మనిషి ఈ మనిషే అని ధ్రువీకరించాల్సి ఉండేది. తర్వాత ప్రాజెక్టు సిద్ధాంతాల మీద, పనితనం మీద ప్రశ్నలు. నెలలు పట్టేది. అప్పట్లో పిల్లలు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని ఒక్క సంతకం కోసం ఊళ్లు దాటి పోయేవాళ్లు. ఇప్పటివాళ్లకు ఇది పాత చాదస్తంలా కనిపిస్తుంది. ఎందుకు చాదస్తం కాదో కాసేపట్లో చెబుతాను.

అపాచీ సంస్థ 1999లో ఏర్పడింది. అక్కడ కమిట్ హక్కు ఎవరికివ్వాలో లోపలివాళ్లు చాటుగా ఓటు వేసుకుని, ఒప్పుదల కుదిరాక కబురు పెడతారు. కోడ్ విషయంలో ఒక్కరు వీటో చేసినా మార్పు ఆగిపోతుంది, అయితే ఆ వీటోకు సాంకేతిక కారణం చూపించాలి. నాకు నచ్చలేదు అంటే చెల్లదు. ఈ పద్ధతిలో పైకొచ్చిన తెలుగు ఇంటిపేర్లు అపాచీ హడూప్‌లో కనిపిస్తుంటే నాకు గుండె నిండిపోయేది. వావిలపల్లి, గంగుమళ్ల, బత్తుల. హడూప్‌లోని యార్న్ భాగం గురించి 2013లో వచ్చిన పరిశోధన పత్రం మీద మొదటి పేరు వావిలపల్లి వినోద్ కుమార్‌దే. ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీల డేటా ఆ కోడ్ మీద నడిచింది. సిఫారసులతో దక్కే పేర్లు కావవి. తోటివాళ్లు ఏళ్లపాటు వాళ్ల పని చూశారు.

ఇక ఇప్పటి సంగతి.

అక్టోబరు వస్తే హాక్టోబర్‌ఫెస్ట్ అని ఒక పండగ. 2014లో మంచి ఉద్దేశంతోనే మొదలైంది. నాలుగు పుల్ రిక్వెస్ట్‌లు, అంటే మార్పును కలుపుకోమనే విన్నపాలు, పంపితే టీషర్టు ఇచ్చేవాళ్లు. 2020 అక్టోబరులో ఏమైందో ఆ రంగంలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ప్రాజెక్టు పరిచయం రాసే రీడ్‌మీ ఫైల్‌లో ఒక మాట ముందో వెనకో చేర్చి, అద్భుతమైన ప్రాజెక్టు అని రాసి, వేలకు వేలు పంపారు. అందులో మన దేశపు పిల్లలవే ఎన్నో. నిర్వాహకులు రోజుల్లోనే నియమాలు మార్చి, ప్రాజెక్టు యజమాని ఒప్పుకుంటేనే లెక్క అనాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకు ఇంకా ఘోరం జరిగింది. వీడియో పాఠంలో చూపించారని, తమ పేరును రీడ్‌మీలో చేర్చమంటూ మన విద్యార్థులు వందలకొద్దీ పంపారు. లక్షలమంది వాడే ప్రాజెక్టు అది. దాన్ని చూసుకునేవాళ్లు తమ అసలు పని పక్కన పెట్టి చెత్త ఏరుకుంటూ కూర్చున్నారు. నేను పిల్లలను తిట్టను. పాఠం చెప్పేవాడు పాఠం కోసమని ఒక ఉత్తుత్తి ప్రాజెక్టు తెరిచి ఇవ్వలేకపోయాడా? పంపడం నేర్పించినవాడు, అవతల ఒక మనిషి కూర్చుని దాన్ని చదవాలని ఎందుకు చెప్పలేదు?

ఏఐ వచ్చాక ఈ బాధ పది రెట్లయింది. ఒక్క నిమిషంలో మూడు వందల వరుసల కోడ్ రాసిపెడుతుంది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, వ్యాఖ్యలు కూడా చక్కగా ఉంటాయి. రాయడానికి నిమిషం, చదవడానికి మాత్రం అప్పుడూ గంటే, ఇప్పుడూ గంటే. కర్ల్ అనే పరికరాన్ని పాతికేళ్లకు పైగా చూసుకుంటున్న డేనియల్ స్టెన్‌బర్గ్ 2024 జనవరి నుంచే మొత్తుకుంటున్నాడు, లేని భద్రతా లోపాలను ఏఐతో రాయించి పంపుతున్నారని. ఒక్కొక్కటీ నిజమేమోనని చదవాలి కదా ఆయన! ఇట్లా వరుసలకు వరుసలు రాసిపడేసేవాళ్లు ఎక్కువయ్యే కొద్దీ చదివేవాళ్ల విలువ పెరగాలి. కానీ ఉద్యోగాలిచ్చేవాళ్లు ఇప్పటికీ ప్రొఫైల్ పేజీలో పని చేసిన రోజులను చూపే ఆకుపచ్చ గడులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతున్నారు. ఇంకొకరి తప్పును జాగ్రత్తగా పట్టుకుని ఆపినందుకు ఎవరు ఎంత జీతమిచ్చారు?

ఆపకపోతే ఏమవుతుందో 2024 మార్చి 29న లోకం చూసింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఫిన్లాండ్ మనిషి లాస్సే కాలిన్ ఒక్కడే చూసుకుంటున్నాడు, జీతం లేకుండా. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. బుద్ధిగా, వినయంగా, మంచి ప్యాచ్‌లే. 2022లో ఇంకొన్ని పేర్లు ఊడిపడ్డాయి. ఈ ప్రాజెక్టు మందకొడిగా ఉంది, కొత్త మెయింటెయినర్ కావాలి, నీకు ఆసక్తి పోయినట్టుంది అని ఆయన మీద ఒత్తిడి. కాలిన్ పాపం తన మనసు బాగాలేదని, ఇది జీతం లేని పని అని చెప్పుకున్నాడు. చివరికి ఆ జియా టాన్‌కే హక్కు ఇచ్చాడు. అలిసిపోయినవాడికి సాయం చేస్తానని వచ్చినవాడు దేవుడిలా కనిపిస్తాడు.

2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1 విడుదలయ్యాయి. వాటిలో దొంగదారి ఉంది. అది అందరూ చూసే కోడ్‌లో నేరుగా లేదు. పరీక్షల కోసం పెట్టే ఫైళ్లలో దాచి, విడుదల కట్టలో మాత్రమే ఉన్న ఒక చిన్న స్క్రిప్టుతో దాన్ని బయటికి తీసేలా పెట్టారు. లోకంలోని సర్వర్లలోకి తాళం లేకుండా దూరే ఏర్పాటు అది. పట్టుకున్నది ఏ భద్రతా సంస్థా కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటి అని తవ్వుకుంటూ పోయాడు. అర సెకను! చాలామంది పట్టించుకోరు. ఆయన పట్టించుకున్నాడు కాబట్టి అది డెబియన్, ఫెడోరాల పరీక్ష దశల దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ జియా టాన్ ఎవరో ఈరోజుకీ తెలియదు. ఒక మనిషో, ఒక గుంపో కూడా తెలియదు. ఎవరూ మొహం చూడలేదు. ఇప్పుడు చెప్పండి, పాస్‌పోర్టు చూపించి సంతకం తీసుకోవడం చాదస్తమా? కొందరు నాతో వాదిస్తారు. నిజంగా అజ్ఞాతంగా ఉండాల్సిన వాళ్లుంటారు, తమ దేశంలో సర్కారుకు భయపడేవాళ్లుంటారు, దూరదేశంలో ఒంటరిగా ఉన్నవాళ్లుంటారు, అందరినీ ఎదురుగా చూడడం కుదరదు అని. ఒప్పుకుంటాను. మా పినపాక మండలం నుంచి పని చేసే పిల్ల రేపు డెబియన్ డెవలపర్‌ను కలవాలంటే ఎక్కడికి పోవాలి? కానీ మొహం చూడలేని చోట ఇంకేదైనా చూడాలి కదా. ఆ మనిషి ఎన్నేళ్లుగా ఎక్కడెక్కడ ఏ పని చేశాడు, ఎవరు అతన్ని ఎరుగుదురు, అతని కోసం ఒత్తిడి చేస్తున్న పేర్లు నిన్న మొన్న పుట్టినవేనా. జియా టాన్‌ను సమర్థించిన పేర్లకు అంతకుముందు ఎక్కడా చరిత్ర లేదు. అది చూసే తీరిక, ఓపిక కాలిన్‌కు ఎవరూ మిగల్చలేదు.

ఇక్కడ నా కోపం కంపెనీల మీద. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే చిన్న ప్యాకేజీని, రాసినాయన అడిగినవాడికి ఇచ్చేస్తే, వాడు అందులో బిట్‌కాయిన్ దొంగిలించే కోడ్ పెట్టాడు. అప్పుడూ అందరూ ఆయన్నే తిట్టారు. దాన్ని వాడుకుని కోట్లు గడించిన కంపెనీల్లో ఎన్ని ఆయనకు నెలకింత అని ఇచ్చాయి? 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు, లోకంలో సగం వెబ్‌సైట్ల తాళాలు చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు పూర్తికాలం పని చేసే మనిషి ఒక్కడే ఉన్నాడని తెలిసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. సింగరేణి మా నాన్నకు జీతమిచ్చింది, పింఛనిచ్చింది. ఆయన ఉత్పత్తి ఆపిన రోజు కూడా ఇచ్చింది. ఈ కోడ్ చూసేవాళ్లకు ఎవరిస్తారు? మెయింటెయినర్‌ను ఎట్లా ఎంచుకోవాలని వందల పేజీలు రాస్తున్నారు కానీ, ఎంచుకున్నవాడు నాలుగేళ్ల తర్వాత కూడా ఒంటి మీద తెలివితో ఉండాలంటే ఏం చెయ్యాలని ఎవరూ రాయరు. ఇద్దరు చూడకుండా ఏదీ లోపలికి పోకూడదని నియమం పెట్టుకుంటే సరిపోదు. ఆ రెండోవాడికి అన్నం ఎక్కడినుంచి వస్తుందో కూడా నియమంలో రాయాలి.

మా తరంలో కొందరిని కూడా అనాలి. హక్కు వచ్చాక వదలరు. పని మానేసి ఏళ్లయినా పేరు జాబితాలో అట్లాగే ఉంటుంది, కొత్తవాళ్ల ప్యాచ్‌లు నెలలు నెలలు ఎదురుచూస్తూ పడి ఉంటాయి. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2018 జులైలో, ఒక మార్పు మీద గొడవలతో విసిగి, ఇక నిర్ణయాలు మీరే చేసుకోండి అని తప్పుకున్నాడు. అప్పుడు వాళ్లు కూర్చుని ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ ఏర్పరచుకుని, ఎన్నిక పెట్టుకున్నారు. ఆయన బతికుండగానే, ఆయన కళ్లముందే పద్ధతి మారింది. అట్లా మారాలి. తెలుగు వికీపీడియాలో నిర్వాహక హోదా కోసం విజ్ఞప్తి పెట్టి, సభ్యులు అందరి ముందూ ప్రశ్నలడిగి, మద్దతో వ్యతిరేకతో కారణంతో రాస్తారు. ఆ బహిరంగత నాకు ఇష్టం. చాటుమాటు ఓటు కంటే అదే మనవాళ్లకు సరిపోతుంది. ఎవరు ఎందుకు వద్దన్నారో ఆ మనిషికి తెలియాలి, తెలిస్తేనే దిద్దుకుంటాడు.

తెలుగు విషయంలో ఇంకొక బాధ ఉంది నాకు. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞ గుణింతపు అక్షరమొకటి ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లు కూలిపోయాయి. ప్రపంచమంతా వార్త అయింది. ఆపిల్ కంపెనీ కొద్ది రోజుల్లోనే కొత్త వెర్షన్ ఇచ్చి సరిచేసింది. ఆ కోడ్ మూసి ఉంటుంది కాబట్టి, దాన్ని లోపలికి పోనిచ్చే ముందు తెలుగు చదివే కన్ను ఒక్కటైనా దానిమీద పడిందా అన్నది బయటివాళ్లకు చూసే వీల్లేదు. ఓపెన్ సోర్స్‌లో ఆ వీలుంది. అయినా మనం ఏం చేస్తున్నాం? తెలుగు అక్షరాలను తెరమీద కూర్చే కోడ్‌కు, తెలుగు ఫాంట్లకు, తెలుగు అనువాదాలకు రివ్యూయర్ల పేర్లు వెతికితే అవే నాలుగైదు పేర్లు, ఇరవై ఏళ్లుగా అవే. వాళ్లు కూడా ముసలివాళ్లవుతున్నారు. ఏటా వేలమంది కంప్యూటర్ ఇంజనీర్లను తయారుచేసే రెండు రాష్ట్రాలు మనవి. తెలుగు ఒత్తులు ఎట్లా కూర్చుంటాయో చూసి, కాదు ఇది తప్పు అని కారణంతో చెప్పగల పిల్లలు పదిమంది తయారుకాలేదంటే ఆ తప్పు పిల్లలది కాదు. పిల్లలతో రాయిస్తున్నాం, చదివించడం లేదు. ఏ కాలేజీలోనైనా ఒక్క సెమిస్టరు, ఏమీ రాయకుండా, ఇంకొకరి కోడ్ చదివి అభిప్రాయం రాయడం మీదే మార్కులు వెయ్యండి. ఎవరు రివ్యూయర్లుగా పనికొస్తారో ఆ సెమిస్టరులోనే తెలిసిపోతుంది.

ఇదంతా ఇప్పుడు మా గడప దగ్గరికే వచ్చింది. మా మండలంలో కొందరు పిల్లలు కోయ పదాల యాప్ చేస్తామని బయలుదేరారు. కోడ్ అంతా బయటే పెడతారట. మా చుట్టూ గూడేల్లో ఇళ్లల్లో మాట కోయ మాటే, రాయడం తెలుగు అక్షరాల్లో. చాలా మంచి పని, చేతనైన సాయం చేస్తానన్నాను. ఏ పదం లోపలికి పోవాలో, ఏది పోకూడదో చూసే రివ్యూయర్ల జాబితా తెచ్చి చూపించారు. హైదరాబాదు కాలేజీ పిల్లలు ముగ్గురు, బెంగళూరు కంపెనీలో చేసే కుర్రాడు ఒకడు. నలుగురికీ కోడ్ బాగా వచ్చు. ఒక్కరి ఇంట్లోనూ కోయ మాట్లాడరు.

ఇదేం పద్ధతి అని నేను గట్టిగానే అన్నాను. పిల్లలు నొచ్చుకున్నారు. పెద్దవాళ్లకు కంప్యూటర్ రాదు కదా సార్, పుల్ రిక్వెస్ట్ అంటే ఏందో తెలియదు కదా అన్నారు. తెలియాల్సిన పనేముంది? పదం చదివి వినిపించండి, సరేనా కాదా అని అడగండి, చెప్పినదాన్ని ఆ పెద్దమనిషి పేరుతో రాసిపెట్టండి. గోదావరి ఇవతలి కోయకూ, అవతల దుమ్ముగూడెం, చర్ల వైపు కోయకూ యాసలో తేడా ఉందని వాళ్లే చెబుతారు. కాబట్టి ఇటు జానంపేట వైపు నుంచి ఒకరు, కరకగూడెం వైపు గూడేల నుంచి ఒకరు, ఏటి అవతలినుంచి ఒకరు ఉండాలి. బడికి పోయిన పడుచువాళ్లు ఇద్దరు తోడుండాలి. కోడ్ మీద హక్కు మీ నలుగురికే ఉండనివ్వండి. పదాల మీద మాత్రం ఈ ఐదుగురిలో ఇద్దరు సరే అనకుండా ఒక్క మాట కూడా లోపలికి పోకూడదు, ఒక్కరు వద్దన్నా ఎందుకు వద్దో తేలేదాకా ఆగాలి. వాళ్లు కూర్చున్న రోజుకు కూలి కట్టివ్వాలి, ఆ డబ్బు ముందు చూసుకున్నాకే యాప్ సంగతి. జాబితా మార్చి తెమ్మన్నాను. ఇంకా తీసుకురాలేదు.